రేణిగుంట నుంచి చౌక విమానాల్లో పదేళ్ళు: టికెట్ ధర కంటే ఎక్కువ ఏడిపించింది వేరే

"ఆపరేషనల్ కారణాల వల్ల మీ ఫ్లైట్ రద్దయింది" అని మొదలయ్యే మెసేజ్‌లు నా ఫోన్‌లో ఎన్ని ఉన్నాయో మొన్న ఆదివారం కూర్చుని వెతికితే మూడేళ్ళలో పదకొండు తేలాయి, అందులో ఏడు రేణిగుంట, అంటే మా తిరుపతి ఎయిర్‌పోర్టు ఫ్లైట్లవే. అందుకే ఈ సమీక్ష రాస్తున్నాను. ఒక్క సంస్థ గురించి కాదు, మా ఊరి నుంచి తిరిగే చౌక విమానాలన్నిటినీ కలిపి రాస్తున్నా. ఎవరి మీద కోపమో వాళ్ళ పేరు మాత్రం రాయను.

ముందు నా సంగతి. మాది చిత్తూరు, పిల్లల చదువుల కోసం తిరుపతిలో ఉంటున్నాం. పని మామిడి పల్ప్ ఫ్యాక్టరీకి మార్కెటింగ్. తోతాపురి సీజన్ అయ్యాక డ్రమ్ములన్నీ అమ్ముకోవాలి కాబట్టి హైదరాబాద్, ఢిల్లీ, ముంబై తిరగడం తప్పదు. సగటున నెలకు రెండు ట్రిప్పులు, 2015 నుంచి, కరోనా రోజులు తీసేస్తే. సొంత డబ్బుతో కొన్న టికెట్లు తక్కువే, కానీ కంపెనీ డబ్బైనా మా ఓనరు నా చేతే లెక్క చెప్పిస్తాడు, కాబట్టి ప్రతి రూపాయి నాకు గుర్తుంటుంది.

మొదటిసారి ఎక్కింది మాత్రం అంతకు చాలా ముందు, బెంగళూరు పాత హెచ్ఏఎల్ ఎయిర్‌పోర్టులో, ఎయిర్ డెక్కన్. చిత్తూరు నుంచి పలమనేరు, ముళబాగల్ మీదుగా బస్సులో పోయి విమానం ఎక్కాను. కెప్టెన్ గోపీనాథ్ 2003లో మొదలుపెట్టిన ఆ కంపెనీ రూపాయి టికెట్లు అమ్మింది, పెట్రోల్ బంకుల్లో కూడా టికెట్ దొరికేది. నాకు రూపాయికి దొరకలేదు లెండి, అది వేరే విషయం. సీటు నంబరు ఉండదు, బస్సులో కర్చీఫ్ వేసినట్టు పరిగెత్తి కూర్చోవడమే. కానీ ఆ రోజు నా పక్కన కూర్చున్న పెద్దాయన కూడా మొదటిసారే విమానం ఎక్కాడు, ఆయన కిటికీలోంచి చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. 2008లో క్రూడ్ ఆయిల్ బ్యారెల్ 147 డాలర్లకు పోయింది, ఆలోపే డెక్కన్ కింగ్‌ఫిషర్ చేతిలోకి వెళ్ళింది, 2012లో కింగ్‌ఫిషరే ఆగిపోయింది. ఇంధనం ఒక్కటే కారణం అనను. అప్పులున్నవాడికి డీజిల్ పెరిగితే ఏమవుతుందో పల్ప్ ఫ్యాక్టరీ నడిపేవాళ్ళకి చెప్పాల్సిన పని లేదు.

మా ఊరికి మంచి రోజులంటే 2015. జులై 12న ట్రూజెట్ తన మొదటి విమానం హైదరాబాద్ నుంచి తిరుపతికే నడిపింది. అదే ఏడాది అక్టోబర్‌లో రేణిగుంట ఎయిర్‌పోర్టులో గరుడ టెర్మినల్ మొదలైంది. రెక్కలకు పంకాలున్న ఏటీఆర్ విమానం, చప్పుడు ఎక్కువ, ఏసీ నేల మీద ఉన్నంతసేపూ అంతంతమాత్రం, కానీ గంటా పావులో హైదరాబాద్. పదిహేను వందలకు టికెట్ దొరికిన రోజులున్నాయి. పొద్దున పోయి పల్ప్ కొనే పార్టీని కలిసి సాయంత్రానికి ఇంటికొచ్చి భోంచేసిన రోజులూ ఉన్నాయి. 2022 మొదట్లో అదీ ఆగిపోయింది. మరుసటి ఏడాది మే నెలలో గో ఫస్ట్ ఆగిపోయింది, వాళ్ళది ఇంజన్ల గొడవ. నేను ఎక్కిన కంపెనీల్లో ఇప్పుడు లేనివే ఎక్కువయ్యాయి, మా ఆవిడ "మీరు ఎక్కకపోతేనే వాళ్ళకి మంచిదేమో" అంటుంది.

ఇంధనం లెక్క నాకు తలకెక్కింది 2022లోనే. ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైంది, జూన్ మధ్యకల్లా ఢిల్లీలో విమాన ఇంధనం కిలోలీటరు 1.41 లక్షలు దాటింది. సరిగ్గా మా పల్ప్ సీజన్. ఏటీఆర్ గంటకు సుమారు ఏడెనిమిది వందల కిలోల ఇంధనం తాగుతుందట, అంటే హైదరాబాద్ ట్రిప్పుకి ఉజ్జాయింపుగా వెయ్యి లీటర్లు అనుకుందాం. ఢిల్లీ ధరే వేసుకుంటే ఇంధనానికే 1.41 లక్షలు. డెబ్బై పైచిలుకు సీట్లలో అరవై నిండాయనుకుంటే తలకి 2,350 రూపాయలు. ఇందులో పైలట్ జీతం లేదు, ఎయిర్‌పోర్టు ఫీజు లేదు, విమానం అద్దె లేదు. ఆ అద్దె, ఇంజన్ రిపేర్లు డాలర్లలో కట్టాలి, రూపాయి జారితే అది ఇంకో దెబ్బ. అదే 2020 మే నెలలో కిలోలీటరు ఇరవై రెండు వేల లోపే ఉంది, తలకి మూడున్నర వందలు. కాకపోతే అప్పుడు లాక్‌డౌన్, నెలంతా దాదాపు విమానాలే ఎగరలేదు! మాకు కాయ టన్ను మూడు వేలకు పడిపోయిన ఏడాదే పల్ప్ కొనేవాడు ఉండడు, అట్లాగే ఉంది వాళ్ళ కథ కూడా.

కాబట్టి టికెట్ పెరిగిందని నేను పెద్దగా గొణగను. 2023 అక్టోబర్‌లో ఇండిగో టికెట్‌లో ఇంధన ఛార్జీ అని విడిగా ఒక లైను వేసింది, 500 కిలోమీటర్ల లోపు 300 రూపాయలు, బాగా దూరమైతే 1,000 దాకా. ఇంధనం ధర దిగాక 2024 జనవరిలో తీసేసింది. చాలామంది తిట్టారు గానీ నాకైతే ఆ పద్ధతి నచ్చింది. దేనికి ఎంత తీసుకుంటున్నారో కనపడింది కదా. ఇప్పుడు పొద్దున 2,900 చూపించి, టీ తాగి వచ్చేసరికి 3,700 చూపించే ధరలో ఇంధనం ఎంతో, నా అవసరం చూసి వేసింది ఎంతో ఎవరు చెప్తారు?

అసలు బాధ ధర కాదు. ఇంధనం మండినప్పుడు ఈ కంపెనీలు మొదట కత్తెర వేసేది మా లాంటి ఊళ్ళ ఫ్లైట్ల మీద. ఢిల్లీ, ముంబై మధ్య ఒక ఫ్లైట్ తీసేస్తే గంటకు ఇంకోటి ఉంటుంది, ఎవరికీ తెలియదు. ఇక్కడ రోజుకు ఉండేదే కొన్ని, పొద్దుటిది సగం ఖాళీగా ఉంటే దాన్ని సాయంత్రం దాంట్లో కలిపేస్తారు. రెండు విమానాల ఇంధనం ఒక విమానంతో సరి. వాళ్ళ వైపు నుంచి చూస్తే నేనైనా అదే చేస్తాను, రెండు లారీల్లో సగం సగం లోడు పంపితే మా ఓనరు ఊరుకుంటాడా? కానీ లారీలో డ్రమ్ములు ఎదురు చూస్తాయి, మనుషులు చూడలేరు.

2023 మార్చిలో ఏం జరిగిందో చెప్తాను. ఢిల్లీ ప్రగతి మైదాన్‌లో ఏటా ఆహార్ ప్రదర్శన జరుగుతుంది, మాలాంటి వాళ్ళకి అది తిరునాళ్ళే. చౌకగా వస్తుందని తెలివిగా రెండు వేర్వేరు టికెట్లు తీసుకున్నాను, రేణిగుంట నుంచి హైదరాబాద్‌కి ఒక కంపెనీలో, అక్కడి నుంచి ఢిల్లీకి ఇంకో కంపెనీలో, మధ్యలో మూడు గంటల గ్యాప్. బయలుదేరే ముందు రోజు పొద్దున మెసేజ్ వచ్చిందట, మా ఫ్లైట్ సాయంత్రానికి మార్చారని. వచ్చింది పాత నంబరుకి, బుక్ చేసిన ఏజెంటు నంబరుకి, నాకు కాదు. నేను మర్నాడు తెల్లవారుజామున లేచి, మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర పొట్లం పట్టుకుని, ఆటోలో ఎయిర్‌పోర్టుకి పోయాను. గేటు దగ్గర సీఐఎస్ఎఫ్ సెక్యూరిటీ ఆయన టికెట్ చూసి "ఈ ఫ్లైట్ లేదు కదండీ" అన్నాడు. వెనక్కి తిరిగితే అదే ఆటో ఇంకా అక్కడే ఉంది. "ఏంది సామీ, అట్నే తిరిగొస్తిరి?" అన్నాడు డ్రైవరు.

కౌంటర్లో అమ్మాయిని ఏమనాలి? ఆ అమ్మాయిదీ మా పక్క ఊరే, పుత్తూరు. పాపం మంచినీళ్ళ సీసా ఇచ్చి కూర్చోబెట్టింది. డబ్బు వాపసు కావాలా, సాయంత్రం ఫ్లైట్ కావాలా, ఈ రెండే నా చేతిలో ఉన్నాయండీ అంది. ఢిల్లీ టికెట్ సంగతి అడిగితే, అది వేరే బుకింగ్ కాబట్టి మాకు సంబంధం లేదు అంది. అది నిజమే, రూలు అట్లాగే ఉంది. నష్టపరిహారం కూడా రాదు, ఎందుకంటే బయలుదేరే టైముకి 24 గంటల కంటే ముందే మెసేజ్ పెట్టారు. విమాన సంస్థలకు రూల్స్ పెట్టే డీజీసీఏ ప్రకారం అంతకంటే ఆలస్యంగా చెబితేనే ఐదు వేలు, ఏడున్నర వేలు అనే లెక్క వస్తుంది, అదీ వాతావరణం లాంటి వాళ్ళ చేతిలో లేని కారణం కాకపోతేనే. నా మెసేజ్ వచ్చింది ఇరవై ఆరు గంటల ముందు. ఆ రెండు గంటలు ఎవరు లెక్కపెట్టి పంపారో గానీ భలే లెక్క.

చివరికి ట్యాక్సీ మాట్లాడుకుని పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా చెన్నై ఎయిర్‌పోర్టుకి పోయాను. మూడున్నర గంటలు, 4,500. అక్కడ అప్పటికప్పుడు ఢిల్లీ టికెట్ 11,400. పోయిన హైదరాబాద్, ఢిల్లీ టికెట్ 6,800. చౌక విమానం అంటే ఇదీ. పులిహోర మాత్రం తిరుత్తణి దగ్గర ఆపి డ్రైవరూ నేనూ తిన్నాం.

ఇంకో విచిత్రం చూడండి. విమాన ఇంధనం జీఎస్టీలోకి రాలేదు, ఏ రాష్ట్రం వ్యాట్ ఆ రాష్ట్రానిది. మన ఆంధ్రలో అది 1 శాతమే, తమిళనాడులో 29 శాతం. పన్ను తక్కువ ఉన్నచోట ట్యాంకు ఎక్కువ నింపుకుని పోయే పద్ధతి కూడా ఈ కంపెనీల్లో ఉందట, ఆ ఎక్కువ బరువు మోయడానికి మళ్ళీ కొంత ఇంధనం తగలేస్తారు, అయినా మిగులుతుందంటే తేడా ఎంత ఉంటుందో చూడండి. మరి ఇంధనం చౌకగా దొరికే రేణిగుంట నుంచి టికెట్ చెన్నై కంటే చౌకగా ఉండాలి కదా? నేను ఢిల్లీకి ఎప్పుడు చూసినా చెన్నై నుంచే తక్కువ. పోటీ లేనిచోట పన్ను తగ్గితే ఆ తగ్గింది ఎవరి జేబులోకి పోతుందో మా ఊళ్ళో టమాటా మండీ చూసినవాళ్ళకి తెలుసు.

ఇక లోపలి సంగతులు త్వరగా చెప్తా. సిబ్బంది మర్యాదకు వంక పెట్టలేను. శుభ్రం బాగుంటుంది. కాళ్ళు చాచుకునే జాగా నా లాంటి ఆరడుగుల వాడికి చాలదు. కప్పులో వేడినీళ్ళు పోసిచ్చే ఉప్మా ఒకసారి తిన్నాను, ఒక్కసారే. సీటు ఎంచుకుంటే డబ్బు, వద్దంటే నడిమి సీటు.

లగేజీ మాత్రం నాకు పెద్ద తలనొప్పి. చెకిన్ 15 కిలోలు, చేతి సంచి 7 కిలోలు. మా శాంపిల్ టిన్ను ఒక్కోటి 3.1 కిలోలు, ఆరు పెడితేనే పద్దెనిమిదిన్నర, టిన్ను బరువు వేరే. ఎక్కువైన ప్రతి కిలోకీ వందల్లో గుంజుతారు. ఆ లెక్కన మా పల్ప్ ధర కంటే దాని ప్రయాణం ధర ఎన్నో రెట్లు. ఇది కూడా ఇంధనం పుణ్యమే, బరువు పెరిగితే ఖర్చు పెరుగుతుంది కాబట్టి వాదించలేం. ఇప్పుడు శాంపిళ్ళు రెండు రోజుల ముందే కొరియర్లో పంపేస్తున్నాను. చిన్న విమానంలో పైన సామాన్ల అర కూడా ఇరుకే, ట్రాలీ బ్యాగులు మెట్ల దగ్గరే తీసుకుంటారు. కొండ మీద నుంచి వచ్చేవాళ్ళు లడ్డూ కవర్లు మాత్రం ఇవ్వరు, ఒళ్ళోనే పెట్టుకుంటారు, విమానమంతా నెయ్యి వాసన. ఇక్కడికి వచ్చేటప్పుడు జుట్టుతో, పోయేటప్పుడు గుండుతో కనపడే జనమే మా రూటుకి రక్ష. నిజం చెప్పాలంటే వెంకన్న లేకపోతే, పల్ప్ అమ్ముకునే నా లాంటి నలుగురి కోసం రేణిగుంటకి విమానం నడిపేది ఎవరు?

రైలుతో పోల్చమని తమ్ముడు అడిగాడు. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్ వందే భారత్ వచ్చింది, ఎనిమిది గంటల పైచిలుకు, బాగుంది, కానీ ఇక్కడ మధ్యాహ్నం మూడు దాటాక ఎక్కితే రాత్రి పదకొండు దాటాక దిగుతాం, నా పనికి కలిసిరాదు. నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ అయితే రాత్రంతా పడుకుని తెల్లారి దిగి, స్నానం చేసి నేరుగా పార్టీ దగ్గరకి పోవచ్చు. విమానం మిగిల్చే టైం, రద్దయినప్పుడు పోయే టైం రెండూ కలిపి చూస్తే గత ఏడాది నాకు నారాయణాద్రే లాభం.

కొత్తగా ఎక్కేవాళ్ళు అడుగుతుంటారు కాబట్టి నేను చేసేది చెప్తాను. హైదరాబాద్ దాటి వేరే ఊరు పోవాలంటే రెండు ముక్కలుగా కొనను, వెయ్యి ఎక్కువైనా ఒకే బుకింగ్ నంబరు మీద కొంటాను, మొదటిది రద్దయితే రెండోది కూడా వాళ్ళ మెడకే ఉంటుంది. నా ఫోన్ నంబరే ఇస్తాను, ఏజెంటుది కాదు. ఏటీఎఫ్, అంటే విమాన ఇంధనం ధర ప్రతి నెలా ఒకటో తారీఖున మారుతుంది, రెండు మూడు నెలలు వరసగా పెరిగిందంటే ఆ తర్వాత రద్దు మెసేజ్‌లు మొదలవుతాయని నా అనుభవం. అట్లాంటప్పుడు ముఖ్యమైన పనికి పొద్దుటి ఫ్లైట్‌ని నమ్మను, ముందు రాత్రే పోతాను.

మార్కులు వేయాలంటే సిబ్బందికి ఐదుకు నాలుగు, ధరకు మూడు, నమ్మకానికి ఒకటి. ఆ ఒకటి కూడా పుత్తూరు అమ్మాయి ఇచ్చిన మంచినీళ్ళకి.

వచ్చే వారం మళ్ళీ హైదరాబాద్ పని ఉంది. పోయేటప్పుడు నారాయణాద్రి, వచ్చేటప్పుడు సాయంత్రం ఫ్లైట్. ఇది రాస్తున్న టైముకి మెసేజ్ ఏమీ రాలేదు.