నలభై నాలుగా, నలభై ఐదా?

మిర్యాలగూడ పక్క చేన్లల్ల అడవి పందులను పటాకులతో తరిమిన మా బావ, ఇప్పుడు టెక్సాస్‌లో రివాల్వర్లు పరీక్షిస్తుండు. మన దగ్గర లైసెన్సు ఉన్నా చేతికొచ్చేది చాలావరకు .32 రివాల్వరే (ఈ నంబరు గుండు వెడల్పు, సుమారుగ అంగుళాల్ల). ఆయన బల్ల మీదున్న రెండు వేరే లెక్క, వాటిల ఏది మేలన్నదే ప్రశ్న.

ఒకటి .44 మాగ్నమ్, ఆ తూటా 1955ది. కొన్నది కొన్నట్టే, ఆరు తూటాలు. 240 గ్రెయిన్ల (సుమారు పదిహేనున్నర గ్రాముల) గుండు సెకనుకు సుమారు 1,350 అడుగుల వేగంతో పోతది. దీని సంగతి ఇంతే.

రెండోది గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేటాయన) చేతిల మారిన .45 కోల్ట్. తూటా 1873 నాటిది. పేలినప్పుడు లోపల పుట్టే ఒత్తిడికి దానికి పెట్టిన హద్దు 14,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), .44కేమో 36,000. అందుకే తూటాలు పట్టే ఆరు అరల సిలిండర్ తీసేసి ఐదు అరలది బిగించిండ్రు. అరల నడుమ ఉక్కు గోడ మందమైతది, ఎక్కువ ఒత్తిడికి ఓర్చుకుంటది. 300 గ్రెయిన్లు దాటిన గుండును సైతం గట్టిగ తోస్తది. కానీ ఆ ఘాటు తూటా పొరపాటున పాతకాలపు రివాల్వర్‌ల పడితే సిలిండరే పగలొచ్చు. బావ డబ్బా మీద ఎర్రసిరాతో రాసి పెట్టుకున్నడు.

క్రోనోగ్రాఫ్ (గుండు వేగం కొలిచే యంత్రం) మీద ఐదు గుండ్ల సగటు వేగం, ఇసుక సంచికి ఆనించి 25 గజాల గురి, రెండూ చూడాలంటడు. నా ఓటు .44కే. వీడియో కాల్‌ల ఆయన మణికట్టుకున్న కట్టు చూసినంక ఖాయం చేసుకున్న.