మియాటాతో పదేళ్ళు: ఇంజను చూసి కొన్నాను, తినేసింది నీళ్ళు

2015 అక్టోబరులో న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉండగా 1994 మోడల్ మాజ్డా మియాటా కొన్నాను, రెండే సీట్లు, గుడ్డ టాప్ తెరుచుకునే చిన్న స్పోర్ట్స్ కారు. రీడింగ్ 1,18,000 మైళ్ళు, ధర 3,200 డాలర్లు. 1.8 లీటర్ల ఇంజను, 128 హార్స్‌పవర్, బరువు వెయ్యి కిలోలకు కాస్త పైన. పవరు ఏపాటిదో విని మావాళ్ళు నవ్వారు. నడిపినవాళ్ళెవరూ నవ్వలేదు. మా ఆవిడ మాత్రం ఓక్ ట్రీ రోడ్డు నుంచి బియ్యం బస్తా ఎలా తెస్తావో చెప్పమంది. న్యాయమే, డిక్కీలో సగం చోటు స్పేర్ టైరుకీ బ్యాటరీకే పోయింది.

కొనేరోజు గంటన్నర బానెట్ కిందే తల పెట్టి ఉన్నాను. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించాను. ఇంజను పైనుంచి కుట్టు మిషను ఆడినట్టు టిక్ టిక్ మని చప్పుడొచ్చింది. దానికి భయపడి వంద డాలర్లు బేరమాడాను. తీరా అది ఈ ఇంజన్లలో హైడ్రాలిక్ లిఫ్టర్లు (వాల్వుల దగ్గర ఆయిల్ ఒత్తిడితో సందు పూడ్చే చిన్న ముక్కలు) చేసే మామూలు చప్పుడే. ఆయిల్ వేళకి మారుస్తూ పోతే తగ్గింది, పదేళ్ళుగా హాని లేదు. వాల్వుల్నీ పిస్టన్లనీ జతగా ఆడించే టైమింగ్ బెల్టు 60,000 మైళ్ళకి మార్చాలి. ఒకవేళ తెగినా ఈ తరం ఇంజన్లో వాల్వులు పిస్టన్లకు తగలవు, బండి ఆగిపోతుందంతే. అంటే నేను గంటన్నర చూసింది అసలు చూడక్కర్లేని చోట.

చూడాల్సింది సీటు వెనక. గుడ్డ టాప్ మీద పడ్డ వాన, సీటు బెల్టు స్తంభాల వెనకున్న రెండు రంధ్రాల్లోంచి దిగి వెనక చక్రాల ముందు కిందకి కారిపోవాలి. పాత ఓనరు ఈ కారుని ఏ మేపుల్ చెట్టు కిందో పెట్టేవాడనుకుంటా. రెండో చలికాలంలో డ్రైవరు వైపు కార్పెట్ ఎత్తి చూస్తే కింద స్పాంజి పిండితే నీళ్ళొచ్చేంత తడి. ఆ రంధ్రం, అంటే డ్రెయిన్‌లోంచి గడ్డి కోసే మిషను నైలాన్ దారంతో పొడిచి తీస్తే, కుళ్ళిన ఆకుల నల్ల బురద పిడికెడు వచ్చింది. అసలు బాధ ఆ బురద కాదు. బయటికి దారి లేని నీళ్ళు తలుపు కింద రేకు లోపల నిలబడి, వెనక చక్రం ముందు భాగాన్ని లోపలినుంచి తినేశాయి. పైన రంగు మెరుస్తూనే ఉంది. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం పెట్టి చూస్తే జారి పడిపోయింది, అంతా లప్పమే. రోడ్ల మీద ఉప్పు చల్లే ఊళ్ళలో తిరిగిన మియాటాకి ఇది దాదాపు రాసిపెట్టి ఉన్నట్టే. కోసి కొత్త రేకు అతికించడానికి నాకు 1,900 డాలర్లయింది, కారు ధరలో సగం దాటింది.

క్లచ్ సంగతి కూడా నీళ్ళ కథే, కాకపోతే తిరుగుడు దారిన. క్లచ్‌ని నడిపే బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది. ఏళ్ళ తరబడి మార్చకపోతే, గేర్‌బాక్సు దగ్గర క్లచ్‌ని నెట్టే స్లేవ్ సిలిండర్ లోపల గరుకు తేలి, రబ్బరు సీలు అరిగి, కారడం మొదలెడుతుంది. నాది రూట్ వన్ సిగ్నల్ దగ్గర పోయింది. పెడల్ నేలకి అంటుకుని మళ్ళీ లేవలేదు. వెనక హారన్లు. ఇంజను ఆపేసి, ఫస్ట్ గేరులో పెట్టి, తాళం తిప్పితే స్టార్టరే బండిని గెంతించి ముందుకి లాగింది. మిగతా గేర్లు ఇంజను వేగం కుదిరే దాకా చెవితో విని వేసుకుంటూ ఇల్లు చేరాను. చెయ్యి ఇంటికొచ్చాక కూడా వణుకుతూనే ఉంది! సామాను ముప్పై డాలర్ల లోపే, శనివారం పొద్దున్న నేనే మార్చాను. ఆరు నెలలకి పైన పెడల్ వైపున్న మాస్టర్ సిలిండర్ కూడా కారింది. రెండూ ఒకేసారి మార్చేయాల్సింది. కొనేముందు గేర్‌బాక్సు పక్కనున్న స్లేవ్ రబ్బరు తొడుగు వేలితో కొంచెం వెనక్కి లాగి చూడండి. తడి తగిలితే ఇక ఎక్కువ రోజులు లేవు.

రేడియేటర్‌కి పైనా కిందా ఉండే ప్లాస్టిక్ ట్యాంకు కొత్తగా ఉన్నప్పుడు నల్లగా ఉంటుంది. వేడికి ఏళ్ళు గడిచేకొద్దీ గోధుమ రంగుకి తిరిగి, ఓ రోజు అంచున పగులుతుంది. నాది గోధుమ రంగు చూడగానే మార్చేశాను, ఆ ఒక్క విషయంలో తెలివిగా ఉన్నాను. ఇంజను వెనక, అది ఏ స్థితిలో తిరుగుతోందో కంప్యూటర్‌కి చెప్పే క్యామ్ యాంగిల్ సెన్సర్ ఉంటుంది. దాని చిన్న రబ్బరు రింగు గట్టిపడి ఆయిల్ కిందనున్న హీటర్ పైపుల మీద పడి వాటిని మెత్తబరుస్తుంది. రింగు ఖరీదు రెండు డాలర్లు, చెయ్యి పట్టే సందు లేక పోయింది సగం ఆదివారం.

ఏ సంవత్సరపు బండి తీసుకోవాలంటే, 1990, 91 మొదట్లో వచ్చిన 1.6 లీటర్ల వాటిలో క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ముందు కొస బలహీనం, దాని పుల్లీలో నాలుగు గాళ్ళుంటే జాగ్రత్త. 1995 నుంచి డ్యాష్‌బోర్డులో ఆయిల్ ప్రెషర్ ముల్లు ఉత్త అలంకారం, ఉందా లేదా అని తప్ప ఎంతుందో చెప్పదు. నాకు 94 నచ్చింది సగం అందుకే. నిజమైన ముల్లు, పెద్ద ఇంజను, రెండూ దొరికే ఏడాది.

పోయిన నెల స్నేహితుడితో కలిసి ఒక ఎర్ర 1997 బండి చూడ్డానికి వెళ్ళాను. అమ్మే ఆయన బానెట్ ఎత్తి ఇంజను ఎంత శుభ్రంగా ఉందో చూపిస్తున్నాడు. మావాడు తలుపు తీసి, సీటు వెనక డ్రెయిన్‌లో బాటిల్‌తో నీళ్ళు పోశాడు. నేను వెనక చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని చూస్తున్నాను. బాటిల్ ఖాళీ అయింది. కింద సిమెంటు పొడిగానే ఉంది. బేరమాడకుండానే వచ్చేశాం.