ఎయిర్ స్పేడ్‌తో ఆరేళ్ళు: నేల పదునులో ఉంటేనే

ఎయిర్ స్పేడ్ అంటే కంప్రెసర్ గాలితో చెట్టు వేళ్ళ చుట్టూ మట్టిని ఊడగొట్టే గొట్టం. పీడనం ఎంత ఉండాలి, ఎంత కంప్రెసర్ కావాలి లాంటివి కొనేవాళ్ళకు ఎలాగూ తెలుసు. నాకు నచ్చింది ఒక్కటే: ఈ పనిముట్టుకు మట్టికీ వేరుకీ తేడా తెలుసు. బాపట్ల వ్యవసాయ కాలేజీలో వేళ్ళ గురించి చదివిందంతా బొమ్మల్లోనే. నిలబడి ఉన్న చెట్టు వేళ్ళను మొదలు నుంచి ఆరేడు అడుగుల దాకా, తెగకుండా, పగటి వెలుగులో చూసింది డాలస్ వచ్చి ఈ గొట్టం పట్టుకున్నాకే. ధ్వనికి రెట్టింపు వేగంతో వచ్చే గాలి మట్టి సందుల్లో దూరి లోపలి నుంచి పగలగొడుతుంది. వేరులో దూరడానికి సందు లేదు కాబట్టి పక్కనుంచి పోతుంది. గ్యాస్ పైపుకూ అదే మర్యాద. అయినా తవ్వేముందు, భూమిలో పైపులు, వైర్లు ఎక్కడున్నాయో గుర్తు పెట్టించే 811 నంబరుకి ఫోన్ చేయాల్సిందే, అది వేరే సంగతి.

మొదటి ఏడాది కనిపించినవాళ్ళందరి దగ్గరా పొగిడాను. అప్పట్లో నా పనులన్నీ డెంటన్ వైపు ఇసుక నేలల్లో.

తర్వాత జులైలో ఫ్రిస్కోలో మనవాళ్ళింట్లో పని పడింది. షుమార్డ్ ఓక్ చెట్టు, నాటినప్పుడే లోతుగా పాతేశారు, తల ఎండుతోంది. మొదలు చుట్టూ మట్టి తీసి చూడాలి. అక్కడి నేల హ్యూస్టన్ బ్లాక్, అంటే అచ్చం మన నల్లరేగడే. చెయ్యి దూరేంత నెర్రెలు. మూడు గంటలు డీజిల్ కాలింది, లేచింది దుమ్మే. మట్టి పొడి కావడం లేదు, ఇటుక ముక్కల్లా ఎగురుతోంది. ఒక పెళ్ళ పోయి వంటింటి కిటికీ అద్దాన్ని పగలగొట్టింది. బెరడు మీద రాళ్ళు తగిలినట్టు గాట్లు. చెవులకు మఫ్స్, ఒళ్ళంతా నల్లబూడిద, చేతిలో వేల డాలర్ల సరుకు. సిగ్గేసింది.

ఆ ఇంటాయన తండ్రి గుంటూరు వైపు మిర్చి, పత్తి పండించిన మనిషి, మనవరాలిని చూడ్డానికి వచ్చారు. కంప్రెసర్ ఆపగానే మజ్జిగ గ్లాసుతో వచ్చి, ఒక పెళ్ళ తీసి అరచేతిలో నలపబోయారు. నలగలేదు.

“అబ్బాయ్, పదును లేకుండా అరక కడతామా?”

“బాబాయ్ గారూ, ఇది అరక కాదండీ, గాలి.”

“గాలయితే మాత్రం? నేల నేలేగా.”

ఇక్కడ ఎండలకు నేల కుంచించుకుని గోడలు పగలకుండా ఇంటి పునాదికి కూడా నీళ్ళు పెడతారు. అందుకు వాడే, ఒళ్ళంతా సన్నగా నీళ్ళు ఊరే సోకర్ గొట్టాన్నే లాగి చెట్టు చుట్టూ వేయించారాయన. రాత్రంతా సన్నగా తడిపి, రెండు రోజులు ఆరనిచ్చాం. మూడో రోజు పొద్దున నలభై నిమిషాల్లో మొదలు బయటపడింది, మణికట్టంత లావు వేరొకటి దాన్ని చుట్టి బిగించి ఉంది. ఉలితో తీసేసి, కోసిన చోట వెంటనే పెయింట్ వేశాను. తడి ఎక్కువైనా పని జరగదు, బురద మొహాన కొడుతుంది. పిడికిట్లో ముద్దయి, వేలితో నొక్కితే విడిపోవాలి. నా కాలేజీ చదువులో ఇది లేదని కాదు, యంత్రాన్ని చూసి మర్చిపోయాను.

ఇక ఈ గాలి వల్ల వేరుకు చీమ కుట్టినంత కూడా కాదని మొదటి ఏడాది పొగుడుతూ నేను చెప్పిన మాట. లావు వేళ్ళ వరకూ నిజమే. వెంట్రుకల్లాంటి పిల్లవేళ్ళు కొన్ని పోతాయి, మిగిలినవి టెక్సాస్ ఎండకు త్వరగా వాడిపోతాయి, తడి గోనెపట్టాలు కప్పుకుంటూ పోవాలి. ఒకసారి ఏప్రిల్‌లో, బెరడు వదులుగా ఉండే రోజుల్లో, మరీ దగ్గరగా పట్టి లైవ్ ఓక్ వేరు తోలు ఊడగొట్టాను. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఇక్కడ ఓక్‌లకు గాయం చేయకూడదంటారు, ఓక్ విల్ట్ తెగులు భయం. ఆ చెట్టు బతికింది కానీ నేను ఆ నెలల్లో ఓక్‌ల జోలికి వెళ్ళడం మానేశాను.

నాకు నెలకు ఏడెనిమిది చెట్లు వస్తాయి, కంప్రెసర్ అద్దెకు తెచ్చుకుంటాను, కాబట్టి గిట్టింది. ఇంట్లో రెండు చెట్లున్నవాళ్ళు కొనక్కర్లేదు, పనివాణ్ణి పిలవండి. ఇసుక నేల అయితే నా గోలంతా మీకు అనవసరం కూడా. ఇప్పుడు ఎవరైనా ఫోన్ చేస్తే చెట్టెంత ఎత్తని తర్వాత అడుగుతాను, ముందు అడిగేది పునాదికి సోకర్ గొట్టం ఉందా అనే.