డీజిల్ కారుకు బ్యాటరీ మార్పిస్తున్నారా? లేబుల్ చదవకుండా పాతది ఇచ్చేయకండి

నాకు జరిగింది ఇంకెవరికీ జరగకూడదని రాస్తున్నా, కొంచెం ఓపికగా చదవండి. డిసెంబరులో ఒక రోజు పొద్దున్నే అమ్మను కాజీపేట స్టేషన్‌లో దింపాలి. కీ తిప్పితే టకటకా శబ్దం తప్ప ఇంజన్ తిరగలేదు. అమ్మను ఆటోలో పంపించి, హనుమకొండలో ఒక షాపుకు ఫోన్ చేసి కారు పేరు చెప్పా. అరగంటలో ఒక అబ్బాయి కొత్త బ్యాటరీతో ఇంటికే వచ్చాడు.

పాత బ్యాటరీని రెండు చేతులతో, మోకాలు బంపర్‌కు ఆనించి, కష్టపడి పైకి తీశాడు. కొత్తదాన్ని పిడి పట్టుకుని ఒంటి చేత్తో తెచ్చి పెట్టేశాడు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. కారు క్లాంపులు కొత్తదాని టెర్మినళ్లకు వదులైతే సన్న రేకు ముక్క చుట్టి సుత్తితో కొట్టాడు, ట్రేలో పక్కన మూడు వేళ్లు పట్టేంత ఖాళీ మిగిలితే పాత ట్యూబు ముక్క మడిచి కుక్కాడు. ఇదేంటి తమ్ముడూ అంటే, "అన్నీ పన్నెండు వోల్టులే సార్, పెద్దది పెడ్తే ఆల్టర్నేటర్ మీద లోడ్ పడ్తది" అన్నాడు (ఇంజన్ నడిచేటప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసేదే ఆల్టర్నేటర్). కారు వెంటనే స్టార్ట్ అయింది, 3,900 కట్టేశా, పాతది వాళ్లే పట్టుకెళ్లారు.

నాలుగు నెలలు. ఏప్రిల్‌లో హైదరాబాద్ వెళ్తూ జనగామ దాటాక టీకి ఆగితే కారు మళ్లీ స్టార్ట్ కాలేదు. పిల్లలతో గంటన్నర ఎండలో నిలబడ్డాం.

కంపెనీ సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే లేబుల్ మీద 38బీ20ఎల్ అని చూపించారు. అది 35 ఆంపియర్-అవర్ (బ్యాటరీ ఎంత ఛార్జ్ పట్టుకుంటుందో చెప్పే అంకె) బ్యాటరీ, చిన్న పెట్రోల్ కార్లకు వేసేది. నా డీజిల్ కారుకు ఫ్యాక్టరీ నుంచి వచ్చింది 60. డీజిల్ ఇంజన్‌లో కంప్రెషన్ ఎక్కువ, తిప్పడానికి స్టార్టర్ చాలా కరెంటు లాగుతుంది, అంత చిన్న బ్యాటరీ రోజూ ఆ భారాన్ని తట్టుకోలేదు. పైగా ట్రేలో బిగుతుగా లేకపోతే గుంతల్లో అదురుకు లోపలి ప్లేట్లు దెబ్బతింటాయట. వారంటీ అడిగితే ఈ బండికి ఇది సరైన మోడల్ కాదు కాబట్టి క్లెయిమ్ కుదరదన్నారు. కార్డు మీద షాపు ముద్ర తప్ప కారు నంబరు లేదు, తేదీ లేదు. తయారై 11 నెలలు అయ్యాక నాకు అమ్మారని కూడా అక్కడే తెలిసింది. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఛార్జింగ్ లేకుండా అన్ని నెలలు షెల్ఫులో పడి ఉంటే ప్లేట్ల మీద సల్ఫేట్ పేరుకుని కొత్తగా ఉండగానే బలం తగ్గిపోతుంది. షాపు వాళ్లను అడిగితే, "మీరే తొందరపెట్టారు సార్" అన్నారు. ఆ మాటకు నాకు వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు.

అసలు ఫ్యాక్టరీ సైజు బ్యాటరీ పెడితే ఆల్టర్నేటర్‌కు ఏ ఇబ్బందీ ఉండదు, లోడ్ పడుతుందని ఎవరన్నా నమ్మకండి. ఆంపియర్-అవర్‌తో పాటు సీసీఏ (చలిలో ఇంజన్ తిప్పడానికి బ్యాటరీ ఇవ్వగల కరెంటు) అంకె కూడా పాతదానికి తగ్గకూడదు. ప్లస్ టెర్మినల్ ఏ వైపు ఉందో కూడా చూసుకోండి, కోడ్ చివర ఎల్, ఆర్ అని ఉండేది అందుకే. మీ కారు సిగ్నల్ దగ్గర తనంతట తాను ఆగి స్టార్ట్ అయ్యే రకమైతే ఈఎఫ్‌బీ గానీ ఏజీఎం గానీ అనే, మాటిమాటికీ స్టార్ట్ చేయడాన్ని తట్టుకునే రకం బ్యాటరీ ఉంటుంది, ఏది వచ్చిందో అదే వేయించండి, మామూలుది పెడితే త్వరగా పోతుంది.

పాత బ్యాటరీ విషయంలో కూడా మోసపోయా. దానికి స్క్రాప్ విలువ లోపలి సీసాన్ని బట్టే, అంటే 60 బ్యాటరీకి ఎక్కువ రావాలి. నాకు కట్టింది చిన్నదాని రేటు.

మొన్న సరైన 60 వేయించేటప్పుడు బిగించక ముందే మల్టీమీటర్ పెట్టమన్నా. 12.6 వోల్టులు చూపించింది. 12.4 కంటే తక్కువుంటే వెనక్కి పంపేసేవాణ్ణి. ఇంజన్ ఆన్ చేశాక 14.2 వచ్చింది, అంటే ఛార్జింగ్ బాగుందన్నమాట. ఇది తక్కువుంటే తప్పు ఆల్టర్నేటర్ వైపు ఉండొచ్చు, అప్పుడు ఎన్ని బ్యాటరీలు మార్చినా లాభం లేదు. బిల్లు మీద సీరియల్ నంబరు, తయారీ తేదీ, కారు నంబరు రాయించుకున్నాకే డబ్బులిచ్చా.

ఇవాళే బానెట్ ఎత్తి మీ బ్యాటరీ లేబుల్ ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. బండి ఆగిపోయిన రోజు షాపుకు ఫోన్ చేసేటప్పుడు ముందు ఆ ఫోటో పంపండి, కారు పేరు ఒక్కటే చెప్పి ఊరుకోకండి.