పేరు లేని యాపిల్ టూ కార్డు: నంబర్లు చదవాలా, స్లాటులో పెట్టాలా?

విశాఖలో ఏ పాత సామాన్ల కొట్లోనో పేరూ ఊరూ లేని యాపిల్ టూ కార్డు, అంటే ఆ పాత కంప్యూటర్ లోపలి స్లాటులో గుచ్చే అదనపు సర్క్యూట్ బోర్డు, దొరికిందనుకోండి. అదేమిటో తేల్చడానికి రెండు దారులు: చిప్పుల మీది నంబర్లు చదవడం, లేదా స్లాటులో పెట్టి మెషీన్‌నే అడగడం.

నా ఓటు ముందు నంబర్లకే. ఖర్చు లేదు, టెన్షన్ లేదు. జెడ్80 ప్రాసెసర్ కనిపిస్తే అది సీపీఎం అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ నడిపే కార్డు కావచ్చు. 6551 ఉంటే దాదాపుగా సీరియల్ పోర్టు కార్డు. 6522 పక్కన ఏవై-3-8910 తరహా చిప్ ఉంటే సౌండ్ కార్డు. 8423 లాంటి అంకె చూసి కంగారు పడొద్దు, అది తయారీ తేదీ: 1984లో 23వ వారం. నంబర్లు గీకేసిన కార్డయితే మాత్రం ఈ పద్ధతి చేతులెత్తేస్తుంది.

రెండోది సరదాగా ఉంటుంది. బేసిక్‌లో కాల్ -151 అని కొట్టి మానిటర్‌లోకి (తెర కాదు, మెమరీని చూపించే ప్రోగ్రామ్) వెళ్లి, నాలుగో స్లాటయితే సీ400.సీ4ఎఫ్ఎఫ్ అని కొడితే ఆ కార్డు రోమ్ (ప్రోగ్రామ్ దాచిన చిప్) నుంచి 256 బైట్లు తెర మీదికొస్తాయి. సున్నా నుంచి లెక్కిస్తే 1, 3, 5 స్థానాల్లో 20, 00, 03 ఉంటే డిస్కు కంట్రోలర్ లాంటిదే. రోమ్ లేని సౌండ్ కార్డయితే వచ్చేవన్నీ చెత్త అంకెలే.

పైగా మన సముద్రపు గాలికి కార్డు అంచు కాంటాక్టులకు పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, 25, 26 పిన్నుల మధ్య, అంటే 5 వోల్టులకూ గ్రౌండుకూ నడుమ షార్ట్ లేదని మల్టీమీటర్‌తో చూశాకే పెట్టండి. అదీ పవర్ ఆపేసి.