చిగుళ్లకు ఎర్రకాంతి వైద్యం: మిథిలీన్ బ్లూ, 660 లేజర్ పెన్ను ఎంతవరకు పనికొస్తాయి

విశాఖలో పళ్ల డాక్టరు "చిగుళ్లకు లేజర్ కూడా చేద్దామా" అని అడిగితే, ధర కన్నా ముందు తెలుసుకోవాల్సింది ఆ లేజర్ నంబరు, అంటే దాని కాంతి తరంగదైర్ఘ్యం నానోమీటర్లలో. 660 అయితే ఒక వైద్యం, 980 అయితే పూర్తిగా వేరే వైద్యం. ఇక్కడ చూస్తున్నది మొదటిదాన్ని: చిగురుకూ పంటికీ మధ్య ఏర్పడిన గుంటలో నీలిరంగు మిథిలీన్ బ్లూ నింపి, సన్నని ఫైబర్‌తో ఎర్రకాంతి పంపి బాక్టీరియాను చంపే పద్ధతి. కేన్సర్ కణాలను చంపడానికి వాడే ఫోటోడైనమిక్ థెరపీ సూత్రమే దీనిదీ. అక్కడ మందు వేరు, మోతాదు వేరు.

తీర్పు ముందే చెప్పేస్తాం. గార శుభ్రంగా తీయించుకున్నాక కూడా 5 మిల్లీమీటర్లకు తగ్గని గుంటలకు తోడు వైద్యంగా దీనికి 5కి 3 మార్కులు. గార తీయకుండా ఇదొక్కటే చేస్తే ఒక్క మార్కు కూడా ఇవ్వలేం. గార అంటే గట్టిపడిన పాచి. రంగు దాని లోపలికి దిగదు, కాంతీ దిగదు.

పని జరిగే తీరు తెలిస్తే ఎక్కడ చెడుతుందో సులువుగా పట్టుకోవచ్చు. మిథిలీన్ బ్లూ అణువుకు ధనావేశం ఉంటుంది, బాక్టీరియా పైపొరకు ఋణావేశం ఉంటుంది, అందుకని రంగు వెళ్లి దాన్ని అంటుకుంటుంది. ఎర్రకాంతి పడగానే రంగు ఆ శక్తిని పీల్చుకుని పక్కనున్న ఆక్సిజన్‌కు అందిస్తుంది. అప్పుడు పుట్టే సింగ్లెట్ ఆక్సిజన్ (శక్తి నిండి చురుకెక్కిన ఆక్సిజన్) ఆయుష్షు మైక్రోసెకన్లలోనే. మిల్లీమీటరులో పదివేలో వంతు దాటి పోవడం దానికి కష్టం. కాబట్టి రంగు అంటుకున్న చోటే దెబ్బ. ఆ దెబ్బ పైపొర మీద, ప్రొటీన్ల మీద, డీఎన్ఏ మీద ఒకేసారి పడుతుంది. యాంటీబయాటిక్కులకు లొంగని బాక్టీరియా కూడా దీనికి లొంగడానికి కారణం అదే. చిగుళ్ల గుంటల్లో ఉండేవి ఎక్కువగా గ్రామ్ నెగటివ్ రకాలు. వాటికి బయట మరో పొర అడ్డంగా ఉంటుంది కాబట్టి ధనావేశం లేని రంగులు వాటి మీద సరిగ్గా పనిచేయవు. మిథిలీన్ బ్లూనో, దాని చుట్టం టొలుయిడిన్ బ్లూనో ఎంచుకోవడం అందుకే. రంగు, కాంతి, ఆక్సిజన్: మూడింట్లో ఏది లేకపోయినా ఫలితం సున్నా.

ఇక చేసే విధానం. ముందు స్కేలింగ్ (గార తీయడం), రూట్ ప్లానింగ్ (చిగురు కింద పంటి వేరును నున్నగా శుభ్రం చేయడం). రక్తం ఆగేదాకా ఆగాలి. చాలాచోట్ల తొందరపడేది ఇక్కడే. రక్తంలోని ప్రొటీన్లు రంగును పట్టేసుకుంటాయి, బాక్టీరియాకు మిగిలేది తక్కువ. రక్తం బాగా వస్తుంటే కాంతి వైద్యాన్ని మరో రోజుకు పెట్టడమే మంచిది. తర్వాత దూదితో పంటిని ఆరబెట్టి, మొద్దుమొన ఉన్న సూదితో గుంట అడుగు నుంచి పైకి నింపుకుంటూ రావాలి. పైనుంచి పోస్తే అడుగున గాలి బుడగ ఉండిపోతుంది, జబ్బు ఉండేది సరిగ్గా అక్కడే. 1 నుంచి 3 నిమిషాలు ఆగాలి. ఆ తర్వాత స్టెరైల్ నీళ్లతో మిగులు రంగును కడిగేయాలి. కడగడం ఎందుకని అడిగేవాళ్లు ఉన్నారు. గుంటలో చిక్కటి నీలిరంగు నిలిచి ఉంటే కాంతిని పైపైనే మింగేస్తుంది, అడుగున అంటుకున్న రంగుకు కాంతి చేరదు. అప్పుడు ఫైబర్ మొనను గుంటలోకి దింపి, పంటి చుట్టూ నెమ్మదిగా జరుపుతూ కాంతి ఇవ్వాలి.

మోతాదు లెక్క కష్టమేమీ కాదు: శక్తిని సమయంతో గుణిస్తే జౌల్స్. మొన దగ్గర 100 మిల్లీవాట్లు వస్తుంటే 60 సెకన్లకు 6 జౌల్స్, 10 సెకన్లకు 1 జౌల్. చోటుకు ఎంతసేపో పరికరంతో వచ్చే పుస్తకంలో ఉంటుంది, పరికరాన్ని బట్టి మారుతుంది. ఆ సమయాన్ని సగానికి కోస్తే మోతాదూ సగమే. పంటికి 6 చోట్ల గుంట కొలుస్తారు. నాలుగు పళ్లకు చోటుకొక నిమిషం చొప్పున చేస్తే కాంతికే 24 నిమిషాలు పడుతుంది. అలాంటి పరికరంతో నోరంతా పది నిమిషాల్లో ముగిసిందంటే మోతాదు అందలేదన్నమాటే.

తప్పులన్నిటిలోకీ పెద్దది తరంగదైర్ఘ్యం కుదరకపోవడం. దంతవైద్యంలో చిగురు కోయడానికి వాడే డయోడ్ లేజర్లు సాధారణంగా 810, 940, 980 నానోమీటర్లవి. మిథిలీన్ బ్లూ కాంతిని బాగా పీల్చేది 664 దగ్గర. 980 కాంతి దాన్ని దాదాపు పట్టించుకోకుండా పోతుంది, మిగిలేది వేడి. 810 లేజర్ ఉన్న డాక్టరు ఇండోసయనిన్ గ్రీన్ అనే ఆకుపచ్చ రంగు వాడితే జత కుదురుతుంది. అయితే అక్కడ పనిలో వేడి పాలు ఎక్కువ. పంటి ఫిల్లింగ్ గట్టిపరిచే నీలికాంతి లైటుతోనూ మిథిలీన్ బ్లూ పనిచేయదు. నీలికాంతికి జత కుదిరేది మన పసుపులోని కర్క్యుమిన్. దాని మీద పరిశోధనలు సాగుతున్నాయి గానీ, వంటింటి పసుపు పూసి లైటు వేయించుకుంటే వచ్చేది పసుపుపచ్చ పళ్లే.

రెండోది రంగు నాణ్యత. మందుగా తయారైన మిథిలీన్ బ్లూ ఇంజెక్షన్ 1 శాతం బలంతో దొరుకుతుంది. చిగుళ్లకు 0.01 శాతం చాలు, అంటే నూరింతలు పలచన: 0.1 మిల్లీలీటరు మందుకు 9.9 మిల్లీలీటర్ల స్టెరైల్ నీళ్లు. చిక్కగా ఉంటే బలంగా పనిచేస్తుందనుకోవడం పొరపాటు. చిక్కదనం పెరిగితే అణువులు జంటలు కడతాయి, ఆ జంటలు పీల్చేది 610 దగ్గరి కాంతిని. 660 కాంతి చాలావరకు వృథా. మైక్రోస్కోపు స్లైడ్లకు రంగు వేసే ల్యాబు సీసాలోది నోట్లో వాడకూడదు, దాని శుద్ధత మనుషులకు ఉద్దేశించింది కాదు. కలిపిన ద్రావణాన్ని రేకు చుట్టిన సీసాలో, వెలుతురు తగలకుండా ఉంచాలి. పాతబడి రంగు వెలిసినట్టు కనిపిస్తే పారబోయడమే.

మూడోది కాంతినిచ్చే లేజర్ పెన్ను. కొన్నప్పుడు 100 మిల్లీవాట్లు ఇచ్చింది ఏడాది తర్వాతా అంతే ఇస్తుందని అనుకోకూడదు. బ్యాటరీ బలహీనపడుతుంది, ఫైబర్ మొనకు రక్తం అంటి మాడిపోతుంది, మొన మీద తొడిగే ప్లాస్టిక్ తొడుగు కొంత కాంతిని తినేస్తుంది. పైగా మనది సముద్రపు ఊరు. బీచ్ రోడ్డుకు దగ్గరి క్లినిక్కుల్లో ఉప్పుగాలికి ఛార్జింగు పిన్నులు పచ్చబడితే బ్యాటరీ సరిగ్గా నిండదు. ఎర్రటి చుక్క గోడ మీద బాగానే కనిపిస్తుంది, అందుకే లోపం కంటికి ఆనదు. పవర్ మీటరు పెట్టి చూడటం ఒక్కటే దారి. మీటరు ఉన్న క్లినిక్కు కనిపిస్తే మిగతావన్నీ కూడా అక్కడ సరిగ్గా జరుగుతున్నాయని మా నమ్మకం.

కళ్లద్దాల విషయం తేలిగ్గా తీసుకోకూడదు. 100 మిల్లీవాట్ల లేజర్ 3బి తరగతిది, నేరుగా పడితే కంటి రెటీనా దెబ్బతింటుంది. ఫిల్లింగ్ లైటుకు వాడే నారింజరంగు అద్దాలు నీలికాంతిని ఆపుతాయి, ఎర్రకాంతిని హాయిగా లోపలికి వదిలేస్తాయి. 660 అని అద్దం మీద రాసి ఉన్నవే డాక్టరుకు, సహాయకురాలికి, మీకు ముగ్గురికీ ఉండాలి.

నాలుక, చిగుళ్లు కొద్ది గంటలు నీలంగా ఉంటాయి. తెల్లచొక్కా వేసుకుని వెళ్లకండి. జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము) లోపం ఉన్నవాళ్లు, మానసిక కుంగుబాటుకు సెరటోనిన్ మందులు వాడేవాళ్లు, గర్భిణులు ముందే డాక్టరుతో చెప్పాలి. గుంటల్లోకి వెళ్లే మందు చాలా తక్కువే అయినా చెప్పడం తప్పనిసరి.

ఫలితం సంగతి. స్కేలింగుకు దీన్ని జోడించినప్పుడు తొలి 3 నుంచి 6 నెలల్లో గుంట లోతులోనూ రక్తస్రావంలోనూ చిన్న మెరుగు కొన్ని పరిశోధనల్లో కనిపించింది, కొన్నింట్లో తేడా ఏమీ కనిపించలేదు. పెద్ద మార్పు ఆశించి అప్పు చేయొద్దు. యాంటీబయాటిక్కులు పడనివాళ్లకు, అవి మాటిమాటికీ వాడటం ఇష్టంలేనివాళ్లకు దీని విలువ ఎక్కువ. ఇదే మిథిలీన్ బ్లూ, ఎర్రకాంతి జంటను కెనడాలోని వాంకూవర్ జనరల్ హాస్పిటల్‌లో ఆపరేషన్‌కు ముందు ముక్కులోని బాక్టీరియాను తగ్గించడానికి వాడుతున్నారు. ముక్కు రంధ్రం కాంతికి సులువుగా అందుతుంది. చిగురు గుంట అందదు. ఫలితాల్లో తేడాకు అదొక పెద్ద కారణమని మా అంచనా.

కేన్సర్ మాట ఇక్కడ విడిగా చెప్పాలి. ఉత్తరాంధ్రలో అడ్డపొగ అలవాటు ఇంకా ఉంది. చుట్ట నిప్పును నోట్లోపలికి పెట్టి పీల్చడం వల్ల అంగిలి మీద తెల్లమచ్చలు, పుండ్లు వస్తాయి, అంగిలి కేన్సర్‌కూ దారితీస్తుంది. అమ్మమ్మ అంగిలి మీద తెల్లమచ్చ కనిపిస్తే "ఎలాగూ వచ్చాం, దాని మీద కూడా కాస్త లేజర్ వేయండి" అని అడగకండి, వేస్తానన్నా ఒప్పుకోకండి. పైపైన మచ్చ తగ్గినట్టు కనిపించి అడుగున కేన్సర్ పెరగొచ్చు. ముందు బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి పరీక్షించడం. దానికి కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) ఉంది, అగనంపూడిలో హోమీ భాభా కేన్సర్ ఆస్పత్రి ఉంది.

నోటి కేన్సర్‌కు కాంతి వైద్యం లేదని కాదు. బోస్టన్ పరిశోధకులు బ్యాటరీతో నడిచే చవకైన ఎర్ర ఎల్ఈడీ పరికరం తయారుచేసి, అలీగఢ్ వైద్యులతో కలిసి తొలిదశ నోటి కేన్సర్ రోగుల్లో పరీక్షించారు. అందులో మందు మిథిలీన్ బ్లూ కాదు, అమైనోలెవులినిక్ యాసిడ్. అది కణాల్లోకి వెళ్లాక 635 దగ్గర కాంతి పీల్చే పోర్ఫిరిన్‌గా మారుతుంది. నీలికాంతి వేస్తే కేన్సర్ ఉన్నచోటు గులాబీరంగులో మెరుస్తుంది కూడా, అందుకని ఎక్కడ కాంతి పెట్టాలో కంటికి తెలుస్తుంది. కేన్సర్ కాంతి వైద్యంలోనే వాడే మరో మందు, అమెరికాలో 1995లో అనుమతి పొందిన ఫోటోఫ్రిన్, నరానికి ఎక్కించేది. అది తీసుకున్నవాళ్లు కనీసం 30 రోజులు ఎండకు దూరంగా ఉండాలి. మే నెల విశాఖ ఎండలో అది చిన్న నియమం కాదు. ఈ మందులను రెచ్చగొట్టేది కంటికి కనిపించే వెలుతురు కాబట్టి మామూలు సన్‌స్క్రీన్ క్రీము కాపాడదు. నిండుచేతుల చొక్కా, టోపీ, చేతి తొడుగులే దిక్కు. అలాగని చీకటిగదిలో కూర్చోనక్కర్లేదు, ఇంట్లో మామూలు దీపాల వెలుతురు ఒంట్లో మిగిలిన మందును మెల్లగా కరిగిస్తుంది. చిగుళ్లకు వాడే మిథిలీన్ బ్లూకు మాత్రం ఈ ఎండ నియమం అక్కర్లేదు.

ఆన్‌లైన్లో అమ్మే ఎర్రకాంతి మాస్కులూ బ్రష్షులూ ఈ వైద్యం కావు. మందు లేని కాంతి వేరే సంగతి.

చేయించుకోదలిస్తే డబ్బు కట్టే ముందు గుంటల కొలతల చార్టు చేతికి అడగండి: ప్రతి పంటికి 6 అంకెలు, ఎక్కడెక్కడ రక్తం వచ్చిందో గుర్తులు. బిల్లు మీద లేజర్ తరంగదైర్ఘ్యం, రంగు పేరు, దాని బలం రాయించుకోండి. మూడు నెలల తర్వాత అదే చేతితో, అదే ప్రోబుతో (గుంట కొలిచే సన్నని కడ్డీతో) మళ్లీ కొలిపించుకుని రెండు చార్టులు పక్కపక్కన పెట్టండి. 6 ఉన్న గుంట 4కు వచ్చి, రక్తం ఆగితే వైద్యం సరిపోయింది. 6 అలాగే ఉంటే రెండోసారి లేజర్‌కు ఒప్పుకోకుండా, చిగురు తెరిచి శుభ్రం చేసే ఆపరేషన్ అవసరమేమో పెరియోడాంటిస్టును (చిగుళ్ల నిపుణుణ్ని) అడగండి.