క్లెమాటిస్ కోసం రెండు తోటలు

ఆలస్యంగా పూసే క్లెమాటిస్ అనే పూల తీగను మూడేళ్లుగా పెంచుతున్నాను. తీగకు ఎక్కడ నొప్పి కలుగుతుందోనని కొసలు మాత్రమే తుంచేదాన్ని. ఫలితంగా కింద మోడు, పూలన్నీ అందనంత ఎత్తులో. అందుకే ఆగస్టులో లండన్ వెళ్లినప్పుడు రెండు రోజులు తోటలకే కేటాయించాం.

మొదటిది కెంట్‌లోని సిస్సింగ్‌హర్స్ట్. రైల్లో స్టేపుల్‌హర్స్ట్ దాకా గంట ప్రయాణం, అక్కడి నుంచి సుమారు 9 కిలోమీటర్లు టాక్సీ. తిరుగు టాక్సీ ముప్పావుగంట ఆలస్యంగా వచ్చింది కాబట్టి వెళ్లేవారు సమయం ముందే గట్టిగా మాట్లాడుకోండి. గులాబీల తోటలో గులాబీలు దాదాపు అయిపోయాయి. కానీ అర్ధచంద్రాకారపు ఇటుక గోడ నిండా ‘పెర్ల్ దజూర్’ అనే క్లెమాటిస్ రకం లేత నీలం పూలు! ఎర్రటి ఇటుక మీద ఆ నీలాన్ని చూస్తూ చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. ఈ ఒక్క గోడ కోసమైనా అంత దూరం వెళ్లవచ్చు.

రాత్రికి వోకింగ్‌లో బస. గది శుభ్రంగా ఉంది, పరుపు బాగుంది, వేడినీళ్లు మాత్రం పది నిమిషాలకే చల్లబడ్డాయి. ముదురు ఊదారంగు క్లెమాటిస్ రకం ‘జాక్‌మని’ 1858లో పుట్టింది ఈ ఊరి నర్సరీలోనే. ఆ మాట తలుచుకుంటే నీళ్ల సంగతి చిన్నదైపోయింది.

మర్నాడు దగ్గరలోని విజ్లీ తోట. చూడటానికి సిస్సింగ్‌హర్స్ట్ గొప్పది, నేర్చుకోవడానికి నా ఓటు విజ్లీకే. మొక్కల దగ్గర పేరు పలకలుంటాయి, అడిగితే తోటమాలులు ఓపికగా చెబుతారు. విటిసెల్లా రకం క్లెమాటిస్ తీగనొకదాన్ని దగ్గరగా చూశాను. దానికి నులితీగలు లేవు. ఆకు కాడే సన్నని కమ్మీ చుట్టూ రెండు మెలికలు తిరిగి పట్టుకుంది. లావు కర్ర నిలబెడితే అది పట్టుకోలేదని అప్పుడు అర్థమైంది. నా గోడకు నేను పెట్టింది లావు కర్రలే.

కత్తిరింపు గురించి అడిగితే ఒక తోటమాలి మోకాలి కంటే కిందికి చెయ్యి చూపించారు. ఆలస్యంగా పూసే ఈ రకాలు ఆ ఏడాది వచ్చిన కొత్త కొమ్మలకే పూస్తాయి. అందుకే శీతాకాలం చివర నేల నుంచి 30 సెంటీమీటర్ల లోపు, బలమైన జంట చిగురు మొగ్గలకు కాస్త పైన కోసేయాలి. వేళ్ల దగ్గర మట్టి చల్లగా, తేమగా ఉండాలి. తలకు మాత్రం ఎండ కావాలి.

ఇంటికొచ్చాక కర్రలు తీసి సన్నని తీగ వల కట్టాను. ఫిబ్రవరిలో ధైర్యం చేసి కత్తెర పెట్టాను. మార్చి నెలాఖరుకు మొగ్గలు రెండూ విచ్చాయి.